ఫారంలో కమల వెళ్తోంది, లక్ష్మి ఆగిపోతోంది: లారావెల్ వ్యాలిడేషన్‌లో ఏం తేడా?

గజపతి_కుర్రోడు | శుక్రవారం రాత్రి 10.50

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది పర్లాకిమిడి. ఇక్కడ ఒక చిన్న తెలుగు పఠనాలయం ఉంది, సభ్యులు ఎక్కువమంది అరవై దాటినవాళ్లే, ఇన్నాళ్లూ సభ్యత్వం అంతా కాగితం మీదే నడిచింది. ఈ ఏడాది ఎవరో ఆన్‌లైన్ ఫారం పెడదాం అన్నారు, కంప్యూటర్ తెలిసిన కుర్రాడంటే వాళ్లకి నేనే కనబడ్డాను, అలా ఈ పని నా మెడకి చుట్టుకుంది. పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైట్లు కట్టే లారావెల్ 11లో చేశాను. ఫారం, టేబుల్, మెయిల్ అన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి, వ్యాలిడేషన్, అంటే రాసింది సరిగ్గా ఉందో లేదో చూసే చోట మాత్రం నాలుగు రోజులుగా ఇరుక్కుపోయాను.

పేరు ఇంగ్లిష్‌లో రాస్తే ఏ గొడవా లేదు. తెలుగులో రాస్తే కొన్ని వెళ్తున్నాయి, కొన్ని వెళ్లట్లేదు, పిచ్చెక్కిస్తున్నది ఇదే. అన్నీ ఆగిపోతే దీనికి తెలుగు రాదు అని సరిపెట్టుకుందును. కమల వెళ్తుంది. సరళ వెళ్తుంది. వనజ, జలజ కూడా వెళ్లాయి. రవి ఆగిపోయాడు, శ్రీను ఆగిపోయాడు, గోపాలరావు గారు ఆగిపోయారు. మొదట ఇది ఆడవాళ్ల పేర్లే తీసుకుంటోందేమో, జెండర్ డ్రాప్‌డౌన్ దగ్గర ఏదో తప్పు రాశానేమో అని ఒక పూటంతా ఆ కోడ్ వెతికాను, నవ్వకండి. తర్వాత లక్ష్మి, సీత, గౌరి కూడా ఆగిపోయేసరికి ఆ అనుమానం తీరింది కానీ అసలు కారణం దొరకలేదు.

పేరుకి నేను పెట్టిన రూలు ఇది. మన గుంపులో తెలుగు లిపి తప్ప ఇంకోటి రాయకూడదు కాబట్టి కోడ్ కూడా నోటితో చెప్పినట్టే రాస్తున్నా, సర్దుకోండి. రిక్వైర్డ్, స్ట్రింగ్, మ్యాక్స్ 20, ఆ తర్వాత రెజెక్స్, అంటే ఏ క్యారెక్టర్లు రావచ్చో చెప్పే నమూనా. రెజెక్స్‌లో మొదట క్యారెట్, తర్వాత చదరపు బ్రాకెట్ల మధ్య బ్యాక్‌స్లాష్ పీఎల్, బ్యాక్‌స్లాష్ ఎస్, బ్రాకెట్ బయట ప్లస్, ఆపైన డాలర్ (పేరు మొదలు నుంచి చివరిదాకా చూడాలని), చివరి స్లాష్ తర్వాత యూ. ఈ రూల్స్ హైదరాబాద్‌లో పనిచేసే నా స్నేహితుడి పాత ప్రాజెక్ట్ నుంచి తెచ్చుకున్నవి. దాంట్లో పిన్‌కోడ్ 5తోనే మొదలవ్వాలని కూడా ఉంది, మాదేమో 761200, మొదటి రోజు ఊరు ఊరంతా గేటు బయటే నిలబడింది. అది నేనే కనిపెట్టి తీసేశాను, ఆ మాత్రం తెలివి ఉంది.

ఇంకో రెండు చిన్న గొడవలు. మొబైల్‌కి (రాయకపోయినా ఫారం వెళ్తుంది) న్యూమరిక్, మ్యాక్స్ 10 అని పెడితే సరిగ్గా పది అంకెలు రాసినా 10 కంటే ఎక్కువ ఉండకూడదు అంటోంది. పుట్టినతేదీకి డేట్ అని రూలు పెట్టాను, 05/08/1958 తీసుకుంటుంది, 15/08/1958 తీసుకోదు. ఆగస్టు 15కి దీనికేం పగ?

మొన్న ఒక పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నింపించాను. రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు. పేరు తెలుగులో ముద్దుగా టైప్ చేసి బటన్ నొక్కితే ఎర్రటి అక్షరాలతో 'ద నేమ్ ఫీల్డ్ ఫార్మాట్ ఈజ్ ఇన్‌వాలిడ్' అని వచ్చింది. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, డెబ్భై ఏళ్లుగా ఇదే పేరుతో బతుకుతున్నాను, ఇప్పుడు చెల్లదంటావా అని లేచి వెళ్లిపోయారు. వచ్చే ఆదివారం మీటింగ్‌లో అందరి ముందూ ఇది చూపించాలి. కాస్త చెయ్యందించండి.

బరంపురం_బాబు | శుక్రవారం రాత్రి 11.15

తమ్ముడూ ఇది డేటాబేస్ గొడవలా ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ ఏ క్యారెక్టర్ సెట్‌లో ఉందో చూడు, లాటిన్1 ఉంటే తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలు అయిపోతాయి. యూటీఎఫ్8ఎంబీ4కి మార్చి చూడు. నేను కోడ్‌ఇగ్నైటర్ మనిషిని, లారావెల్ అంతగా తెలీదు, కానీ మా దాంట్లో ఆల్ఫా రూలు పెడితే ఇంగ్లిష్ అక్షరాలకే తలుపు తీస్తుంది, తెలుగైనా ఒడియా అయినా బయటే. మీ దాంట్లో కొన్ని వెళ్తున్నాయంటే వింతగానే ఉంది.

గజపతి_కుర్రోడు | శుక్రవారం రాత్రి 11.32

లేదన్నా, టేబుల్ ముందు నుంచీ యూటీఎఫ్8ఎంబీ4లోనే ఉంది. పైగా డేటాబేస్ దాకా వెళ్తే కదా. కంట్రోలర్‌లో వ్యాలిడేట్ తర్వాతి లైన్‌లో డీడీ పెట్టి (అక్కడిదాకా వచ్చింది చూపించి ఆగిపోతుంది) చూశాను, లక్ష్మి అక్కడికే రావట్లేదు, కమల వస్తోంది. రూలు దగ్గరే తన్నేస్తోంది.

జయపురం_వాణి | శనివారం ఉదయం 6.40

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో తెలుగు పేరు చెల్లలేదంటే ఎలా తమ్ముడూ, అందుకే పొద్దున్నే కాఫీ కూడా పక్కన పెట్టి రాస్తున్నా.

నీ ప్రశ్నలోనే జవాబు ఉంది, పేర్లు ఇంకోసారి చూడు. కమల, సరళ, వనజ, జలజ. వీటిలో ఎక్కడైనా గుడి ఉందా, కొమ్ము ఉందా, దీర్ఘం ఉందా, ఒత్తు ఉందా? అన్నీ తలకట్టు అక్షరాలే. ఆగిపోయిన వాటిలో ప్రతిదానికీ ఏదో ఒక గుణింతం గుర్తో ఒత్తో ఉంది. వసంత అని కొట్టి చూడు, అది కూడా ఆగుతుంది, సున్న ఉంది కాబట్టి. మగవాళ్లలో భరత అని రాస్తే వెళ్లిపోతుంది, కాబట్టి పాపం నీ జెండర్ డ్రాప్‌డౌన్ తప్పేం లేదు.

కంప్యూటర్‌కి మన 'వి' ఒక అక్షరం కాదు. వ ఒకటి, దాని మీద కూర్చున్న గుడి ఇంకొకటి, రెండూ వేరువేరుగా దాచుకుంటుంది. అన్ని లిపులకీ నంబర్లిచ్చే యూనికోడ్ వాళ్లు వ ని అక్షరాల ఖాతాలో, గుడిని గుర్తుల ఖాతాలో రాసుకున్నారు. రెజెక్స్‌లో పీఎల్ అంటే అక్షరాల ఖాతా మాత్రమే. గుర్తుల ఖాతా పేరు పీఎమ్. లక్ష్మి అనే పేరు విడదీస్తే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని ఏడు ముక్కలు వస్తాయి, అందులో నాలుగే అక్షరాలు, మిగతా మూడూ గుర్తులు. నీ రూలు ల, క దాకా వచ్చి మొదటి పొల్లు దగ్గర ఆగిపోతోంది. ఇంగ్లిష్ పేరుకి ఈ బాధ లేదు, అందుకే హైదరాబాద్‌లో నీ స్నేహితుడికి ఇది ఎప్పుడూ కనబడి ఉండదు. ఒడియాలో రాసినా, హిందీలో రాసినా ఇదే కథ, కాబట్టి మీ ఊళ్లో ఒడియాలో పేరు రాసుకునేవాళ్లు కూడా ఆగిపోయే ఉంటారు, నీకు చెప్పలేదంతే.

బ్రాకెట్ లోపల పీఎల్ పక్కనే బ్యాక్‌స్లాష్ పీఎమ్ చేర్చు. చివర ఉన్న యూ మాత్రం తీయకు, అది లేకపోతే పీహెచ్‌పీ ఒక్కో తెలుగు అక్షరాన్ని మూడు బైట్లుగా ముక్కలు చేసి చూస్తుంది. ఇంటిపేరు పొట్టిగా 'కె.' అని రాసేవాళ్లు ఉంటారు కాబట్టి చుక్క కూడా పెట్టుకో. లారావెల్‌లో రెడీగా ఉన్న ఆల్ఫా రూలుకి అక్షరాలూ గుర్తులూ రెండూ తెలుసు, కానీ పేరు మధ్యలో ఖాళీ వస్తే ఒప్పుకోదు, అందుకని నీకు పనికిరాదు.

ఫారం ట్యాగ్‌లో ప్యాటర్న్ అని కూడా ఏమైనా పెట్టావా? పెట్టి ఉంటే అదీ మార్చాలి. అక్కడ పీఎల్ అని ఒట్టిగా రాస్తే కుదరదు, ఎల్‌ని మీసాల బ్రాకెట్లలో పెట్టాలి. లేకపోతే బ్రౌజర్ కన్సోల్‌లో ఏదో గొణిగి ఆ ప్యాటర్న్‌ని పూర్తిగా పక్కన పెట్టేస్తుంది, నువ్వేమో అది కాపలా కాస్తోందనుకుంటావు.

మొబైల్ సంగతి. న్యూమరిక్ అన్నాక మ్యాక్స్ 10 అంటే పది అంకెలు అని కాదు, విలువ పదికి మించకూడదని. ఏ ఫోన్ నంబరైనా పది కంటే పెద్దదే కదా. న్యూమరిక్ తీసేసి డిజిట్స్ 10 అని పెట్టు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, అది కూడా చూడాలనిపిస్తే ఇంకో రెజెక్స్.

తేదీ గొడవ మాత్రం చిన్నది కాదు, అన్నిటికంటే అదే ప్రమాదం. డేట్ అనే రూలు లోపల పీహెచ్‌పీ స్ట్ర్‌టోటైమ్ మీద ఆధారపడుతుంది, దానికి స్లాష్‌లు పెట్టి రాస్తే అమెరికా వాళ్ల పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అనుకుంటుంది. 15/08 అంటే పదిహేనో నెల కోసం వెతికి, లేదని తిప్పి పంపింది. అది పరవాలేదు, కనీసం ఆపింది. 05/08/1958ని మాత్రం మే 8 అనుకుని నవ్వుతూ లోపలికి పంపేసింది. నువ్వు డేట్ రూలు తీసేసి డేట్‌ఫార్మాట్ రూలు పెట్టు, చిన్న డీ, చిన్న ఎమ్, పెద్ద వై, మధ్యలో స్లాష్‌లు. డేటాబేస్‌లో పెట్టేటప్పుడు తేదీల లైబ్రరీ కార్బన్‌లో క్రియేట్‌ఫ్రమ్‌ఫార్మాట్ వాడు, పార్స్ వాడితే మళ్లీ అదే తప్పు. ఇప్పటికే ఎంతమంది చేరారో వాళ్ల పుట్టినతేదీలన్నీ ఈరోజే చూసుకో. లోపలికి వెళ్లిన ప్రతి తేదీలోనూ రోజు 12 లోపే ఉండి ఉంటుంది, 06/06 లాంటివి తప్ప మిగతావన్నీ రోజూ నెలా తారుమారయ్యే ఉంటాయి.

గజపతి_కుర్రోడు | శనివారం మధ్యాహ్నం 1.20

అక్కా, నీకు దండం. లక్ష్మి వెళ్లింది, శ్రీను వెళ్లాడు, గోపాలరావు గారు రాజాలా వెళ్లారు. మొబైల్ కూడా అయిపోయింది.

తేదీ విషయంలో నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఇంగ్లిష్‌లో పేర్లు రాసి చేరినవాళ్లు ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు, ఒక్కరి పుట్టినతేదీలో కూడా రోజు 12 దాటలేదు. కాగితం ఫారాలు బీరువాలో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను, ముందుపెట్టుకుని ఒక్కొక్కటీ సరిచేశాను. ఇద్దరివి తప్ప అన్నీ తారుమారే.

నడుమ నేనే ఇంకో తప్పు చేశాను. చుక్క కూడా ఉండచ్చు, లేకపోయినా పరవాలేదు అని రెజెక్స్‌లో నిలువు గీత పెట్టి రాశాను. పేజీ మొత్తం పేలిపోయి 'నో ఎండింగ్ డెలిమిటర్' అని వచ్చింది. అరగంట తర్వాత తెలిసింది, నేను రూల్స్ అన్నీ ఒకే వాక్యంలా నిలువు గీతలతో విడదీసి రాస్తున్నా కదా, లారావెల్ నా రెజెక్స్‌ని కూడా అక్కడే రెండు ముక్కలు చేసింది. రూల్స్‌ని అర్రేలో పెట్టేసరికి సద్దుమణిగింది.

ఇప్పుడు కొత్త వింత. ఒక తండ్రీ కొడుకూ వచ్చారు. తండ్రి పేరు రాజ్‌కుమార్. ఆయన తన ఫోన్‌లో టైప్ చేస్తే చెల్లదంది. అదే పేరు కొడుకు తన ఫోన్‌లో టైప్ చేస్తే వెళ్లిపోయింది. అదే ఫారం, అదే పేరు, అదే అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. కొడుకు నవ్వుతున్నాడు, తండ్రి నా వైపు చూస్తున్నారు. తండ్రి ఫోన్‌లో ర, జ, క, మ అన్నీ వేరువేరు పేర్లలో పెట్టి చూశాను, ఏ అక్షరంతోనూ గొడవ లేదు.

రెండోది, వెంకట సత్యనారాయణమూర్తి అనే పేరుకి 20 దాటింది అంటోంది. వేళ్ల మీద లెక్కపెడితే పదకొండు అక్షరాలే ఉన్నాయి.

ప్రాణహిత_గట్టు | శనివారం మధ్యాహ్నం 3.05

నమస్తే. మాది సిరొంచ, మహారాష్ట్ర. ప్రాణహితకు ఇవతల మేము, అవతల తెలంగాణ. మా దిక్కు ఫారాలు మరాఠీలో ఉంటాయి, నింపే మనుషులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఫోన్లలో రెండు లిపులూ ఉంటాయి. అందుకని ఈ తండ్రీకొడుకుల కేసు చదవగానే గుర్తుపట్టిన, నేను దీనితో పోయినేడాది వారం రోజులు తన్నుకున్న.

ఆ రెండు పేర్లు కంటికే ఒకటి. తండ్రి టైప్ చేసింది రాజ్‌కుమార్. కొడుకు స్క్రీన్ మీద పేరు జాగ్రత్తగా చూసినవా? రాజ్కుమార్ అని జ కింద క ఒత్తు పడి ఉంటుంది చూడు. జ పొల్లు తర్వాత క వస్తే ఫాంట్ దానిని ఒత్తు చేస్తుంది. ఒత్తు కాకుండా పొల్లుగానే నిలబడాలంటే రెండిటి మధ్య కంటికి కనబడని ఒక క్యారెక్టర్ పెట్టాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో నంబరు 200సీ. కొన్ని కీబోర్డులు దానిని వాటంతట అవే పెడతాయి, కొన్నిటిలో దానికి విడిగా కీ ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. ఇది అక్షరాల ఖాతాలో లేదు, గుర్తుల ఖాతాలో లేదు, ఖాళీ కూడా కాదు. ఫార్మాట్ క్యారెక్టర్లని వేరే ఖాతా ఉంది, దాంట్లో ఉంది. వాణి అక్క చెప్పిన రెజెక్స్ కరెక్టే, అయినా దీనిని ఆపుతుంది.

నమ్మకం కుదరకపోతే రెండు పేర్లకీ ఎస్‌టీఆర్‌లెన్ కొట్టి బైట్లు లెక్కపెట్టి చూడు. కొడుకుది 30 వస్తుంది, తండ్రిది 33. ఆ మూడు బైట్లే ఈ కనబడని మనిషి. బిన్‌టుహెక్స్ కొడితే మధ్యలో ఈ2, 80, 8సీ అని బయటపడుతుంది. నేను ఇప్పుడు ఏ ఫారంలో ఏ వింత వచ్చినా మొదట చేసే పని ఇదే, కళ్లను నమ్మను, బైట్లు చూస్త.

చాలామంది ఇక్కడ స్ట్ర్‌రీప్లేస్ పెట్టి దానిని ఊడ్చేస్తారు. అట్ల చేయకు. ఊడిస్తే తండ్రి పేరు రేపు కార్డు మీద ఒత్తుతో అచ్చవుతుంది, ఆయన మళ్లీ వచ్చి నీ వైపే చూస్తడు. తెలుగు రాతలో అది చెత్త కాదు, అవసరమైన చోట అవసరమే. రెజెక్స్ బ్రాకెట్‌లో బ్యాక్‌స్లాష్ ఎక్స్, మీసాల బ్రాకెట్లలో 200సీ అని చేర్చు, పనిలో పని 200డీ కూడా చేర్చు, అది జాయినర్, మరాఠీలో కొన్ని మాటలకి కావాలి, మీ ఒడియా వాళ్లకి కూడా ఎక్కడో ఒకచోట తగలచ్చు. పేరు మొదట్లోనో చివర్లోనో వట్టిగా అంటుకుని ఉంటే మాత్రం రూల్స్ విడిగా రాసుకునే క్లాస్ ఫారం రిక్వెస్ట్‌లో ప్రిపేర్‌ఫర్‌వ్యాలిడేషన్ అనే మెథడ్ రాసి అక్కడ తుడిచేయి. పేరుతో వెతికే పేజీ ఉంటే, వెతకడానికి ఇంకో కాలమ్ పెట్టి దాంట్లో ఇవి తీసేసిన పేరు దాచుకో. లేకపోతే కొడుకు ఫోన్‌లో వెతికితే తండ్రి దొరకడు.

సత్యనారాయణమూర్తి గారి లెక్క కూడా ఇట్లాంటిదే. లారావెల్ స్ట్రింగ్‌కి మ్యాక్స్ చూసేటప్పుడు ఎంబీఎస్‌టీఆర్‌లెన్‌తో లెక్కపెడుతుంది. అంటే బైట్లు కాదు, మనం పలికే అక్షరాలు కూడా కాదు, వాణి అక్క చెప్పినట్టు విడదీసిన ముక్కలు. వెంకటలో ఐదు, ఖాళీ ఒకటి, సత్యనారాయణమూర్తిలో పదహారు, మొత్తం ఇరవై రెండు. ఇంగ్లిష్ పేరుకి చూసి పెట్టిన హద్దులో తెలుగు పేరు పట్టదు. 20 తీసి 100 పెట్టు, డేటాబేస్ కాలమ్‌లో కూడా అంత చోటు ఉందో లేదో చూసుకో.

ఒక హెచ్చరిక. మొబైల్‌కి డిజిట్స్ రూలు ఉంచితే మంచిదే. దానిని తీసేసి రెజెక్స్ ఒక్కటే పెడితే, బ్యాక్‌స్లాష్ డీ రాసి చివర అలవాటు కొద్దీ యూ తగిలించకు. యూ ఉంటే పీహెచ్‌పీ అన్ని లిపుల అంకెలనూ అంకెలే అనుకుంటుంది. మా దిక్కు ఒకాయన నంబరంతా మరాఠీ అంకెల్లో కొట్టిండు, వ్యాలిడేషన్ దాటింది, డేటాబేస్‌లో కూర్చుంది, ఎస్ఎంఎస్ పంపే రోజు దాకా ఎవరికీ తెలియలేదు. సున్నా నుంచి తొమ్మిది దాకా అని బ్రాకెట్‌లో రాయడమే మేలు.

రాయగడ_మాస్టారు | శనివారం సాయంత్రం 5.30

అందరూ బాగా చెప్పారు, కానీ నాకొక అడ్డు ప్రశ్న. మనిషి పేరుకి అసలు రెజెక్స్ ఎందుకయ్యా? ఇవాళ గుర్తులు, రేపు కనబడని క్యారెక్టర్, ఎల్లుండి పేరులో అపాస్ట్రఫీ ఉన్నవాడు వస్తాడు, ఆ పై రోజు హైఫన్ ఉన్నామె వస్తుంది. వచ్చిన వాళ్లకల్లా కొత్త తలుపు కొట్టుకుంటూ కూర్చుంటావా? రిక్వైర్డ్, స్ట్రింగ్, మ్యాక్స్ 100, అంతే. ఎవరైనా స్క్రిప్ట్ ట్యాగ్ రాస్తాడని భయమైతే అది చూపించే చోట చూసుకోవాలి, లారావెల్ పేజీలు రాసే బ్లేడ్‌లో జంట మీసాల బ్రాకెట్లు వాడితే అదే ఎస్కేప్ చేస్తుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ భయమైతే డేటాబేస్‌తో మాట్లాడే ఎలోక్వెంట్ బైండింగ్ చేస్తుంది. పేరు దగ్గర కాపలా పెట్టి నువ్వు ఆపింది ఇప్పటిదాకా ఎవరిని? ఒక్క దొంగ దొరకలేదు, ఇంగ్లిష్ మాస్టారు దొరికారు.

జయపురం_వాణి | శనివారం సాయంత్రం 6.10

మాస్టారూ, మీరు చెప్పింది నాకూ నచ్చింది. ఈ తమ్ముడు అడిగిన ప్రశ్నకి జవాబిచ్చాను గానీ నా ప్రాజెక్ట్ అయితే నేనూ రెజెక్స్ పెట్టను. ఒక్కటే, పేరు పెట్టెలో ఫోన్ నంబర్ కొట్టేసేవాళ్లు నిజంగానే ఉంటారు, పెద్దవాళ్లు ఏ పెట్టె దేనికో చూసుకోరు. దానికోసం ఏవి ఉండచ్చో జాబితా రాసే బదులు, అంకెలు ఉండకూడదు అని ఒక్క నాట్‌రెజెక్స్ చాలు. దానికి మాత్రం బ్యాక్‌స్లాష్ డీ, చివర యూ పెట్టచ్చు, అన్ని లిపుల అంకెలూ ఆగుతాయి. సిరొంచ అన్న తిట్టిన గుణమే ఇక్కడ పనికొస్తుంది.

గజపతి_కుర్రోడు | శనివారం రాత్రి 9.45

మాస్టారూ, మొదట రెజెక్స్ తీయడానికి మనసొప్పలేదు, ఐదు రోజులు దాంతో కాపురం చేశాను కదా. కానీ కమిటీ పెద్దాయనకి ఫోన్ చేసి అడిగితే, పేరులో నంబర్లు రాకూడదన్నాను గానీ మిగతావి నేనెప్పుడన్నాను అన్నారు. కాబట్టి వాణి అక్క చెప్పినట్టు నాట్‌రెజెక్స్ ఒక్కటే ఉంచాను. మ్యాక్స్ 100. బిన్‌టుహెక్స్ కొట్టి చూశాను, ఈ2 80 8సీ అక్కడే కూర్చుని ఉంది. సిరొంచ అన్నా, వెతకడానికి ఇంకో కాలమ్ కూడా పెట్టేశాను.

బరంపురం బాబన్నా, నీ మాట వృథా పోలేదు. పాత సభ్యుల జాబితా ఒకటి ఇంకో టేబుల్‌లో ఉంది, అది నిజంగానే లాటిన్1లో ఉంది, లోపలంతా ప్రశ్నార్థకాలే. దాని సంగతి ఆదివారం తర్వాత.

మిగిలింది ఆ ఇంగ్లిష్ ఎర్ర అక్షరాలు. ఫారం రిక్వెస్ట్‌లో మెసేజెస్ అనే మెథడ్ రాసి అన్నీ తెలుగులో పెట్టాను. పేరు దగ్గర అంకె పడితే 'ఇక్కడ మీ పేరు రాయండి, ఫోన్ నంబర్ కింది పెట్టెలో' అని వస్తుంది. సాయంత్రం ఆ ఇంగ్లిష్ మాస్టారి ఇంటికి లాప్‌టాప్ పట్టుకెళ్లాను. పేరు టైప్ చేశారు, వెళ్లింది. పుట్టినతేదీ 23/11 కొట్టారు, అదీ వెళ్లింది. తర్వాత కావాలనే పేరు పెట్టెలో అంకె కొట్టి నా మెసేజ్ బయటికి రప్పించి, చదివి, 'కింది పెట్టెలో' దగ్గర 'రాయండి' అని ఇంకోసారి ఉంటే బాగుంటుంది అన్నారు. ఇప్పుడే మార్చి అప్‌లోడ్ చేశాను.

బరంపురం_బాబు | శనివారం రాత్రి 10.20

ఆ లాటిన్1 టేబుల్‌ని నేరుగా కన్వర్ట్ కొట్టకు తమ్ముడూ, ముందు ఒక కాపీ తీసి పెట్టు. ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయి ఉంటే ఇంక ఏం చేసినా వెనక్కి రావు, కాగితం ఫారాలు చూసి మళ్లీ కొట్టుకోవడమే. బీరువా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కో.